ఏఐ బ్రాంచిలో చేరే ముందు కళాశాలలో ఏం చూడాలి?

ఇంటర్ పూర్తిచేసిన మీ అబ్బాయిని సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్)లో కృత్రిమ మేధ (ఏఐ) బ్రాంచిలో చేర్చవచ్చా అనీ, ప్రభుత్వం ఈ రంగానికి వేస్తున్న పెద్దపీట వల్ల విద్యార్థులకు నిజంగా ఒరిగేదేమిటనీ అడిగారు. గుంటూరు సమీపంలోని ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలలో ఆ బ్రాంచికే పాఠాలు చెబుతున్నాను కనుక నేను చూసినది రాస్తాను.

డబ్బుకూ సీట్లకూ లోటు లేదు. దేశంలో ఏఐని పెంచడానికి తెచ్చిన ఇండియాఏఐ మిషన్ అనే పథకం కోసం 2024 మార్చిలో కేంద్ర మంత్రివర్గం దాదాపు రూ.10,372 కోట్లు ఆమోదించింది. హైదరాబాద్ ఐఐటీ 2019లో ఏఐ బీటెక్ మొదలుపెట్టిన కొద్ది ఏళ్లకే ఆ పేరుతో సీట్లు ఊరూరా వచ్చేశాయి. చెప్పేవాళ్లు మాత్రం అంత వేగంగా తయారుకాలేదు. మాలో చాలామందిమి నిన్నమొన్నటిదాకా జావా (ప్రోగ్రామింగ్ భాష), డీబీఎంఎస్ (డేటాబేస్‌ల నిర్వహణ) వంటి మామూలు కంప్యూటర్ పాఠాలు చెప్పుకున్నవాళ్లమే.

ఆ వెలితి ప్రాజెక్టుల్లో బయటపడుతుంది. ఏటా ఏదో ఒక బృందం ఫొటో చూసి ఆకు తెగుళ్లను గుర్తించే ప్రాజెక్టుతో వస్తుంది. దానికి అందరూ వాడేది ప్లాంట్‌విలేజ్ అనే ఉచిత ఫొటోల సంకలనం: 14 పంటలు, 54,306 ఫొటోలు, కోసిన ఆకును ఒకే రంగు నేపథ్యంపై పెట్టి తీసినవి. దానిపై 2016లో వెలువడిన పరిశోధన పత్రంలోనే, ఆ సంకలనం లోపల 99.35 శాతం దాకా వచ్చిన కచ్చితత్వం, వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోలపై 31.4 శాతానికి పడిపోయిందని రాశారు. మా పిల్లలు మొదటి అంకెను స్లైడు మీద పెద్దక్షరాలతో వేస్తారు, రెండోదాన్ని చదవరు. పైగా మిరపల్లో అందులో ఉన్నది బెంగుళూరు మిరప (క్యాప్సికం) మాత్రమే. మన ఎండుమిర్చి పంట అందులో లేదు.

ఒక బృందం మాత్రం తమలో ఒకరి సొంత మిరప తోటలోకి వెళ్లి ఫోనుతో ఫొటోలు తీసింది. తామర పురుగు సోకితే ఆకు అంచులు పైకి ముడుచుకుంటాయి, నల్లి సోకితే కిందికి వంగుతాయి. రెండింటికీ కొట్టే మందులు వేరు. పైనుంచి తీసిన ఫొటోల్లో ఆ తేడా సరిగా తెలియక వాళ్ల ఏఐ ప్రోగ్రాం తడబడుతుంటే, ఆ విద్యార్థి తండ్రి ఆకును తిప్పి అడుగుభాగం చూపించి, ఇక్కడ చూడకుండా మందు ఎలా చెబుతారని అడిగారట. అప్పటినుంచి వాళ్లు ప్రతి ఆకునూ పక్కనుంచీ అడుగునుంచీ కూడా తీసి, ఆయన చెప్పిన తెగుళ్ల పేర్లే ఫొటోలకు లేబుళ్లుగా రాసుకున్నారు. ఫలితంగా వచ్చిన శాతం స్లైడు మీద గొప్పగా కనిపించేది కాదు గానీ, నా దృష్టిలో ఆ ఏడాది మా బ్రాంచిలో జరిగిన అసలు చదువు అదే. దానికి ఏఐ లెక్కలను వేగంగా చేసే ఖరీదైన చిప్‌లు (జీపీయూలు) కూడా కొనాల్సిన అవసరం రాలేదు, ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికే గూగుల్ కోలాబ్ సరిపోయింది.

కాబట్టి మీ అబ్బాయికి గణితం మీద, ముఖ్యంగా సంభావ్యత మీద, ఇష్టం ఉంటే నిరభ్యంతరంగా చేర్చండి. లేకపోతే మామూలు సీఎస్ఈ తీసుకుని తర్వాత ఇటు రావచ్చు. కళాశాల చూడడానికి వెళ్లినప్పుడు ప్లేస్‌మెంట్ల బోర్డు ముందే ఆగిపోకుండా, గత ఏడాది చివరి సంవత్సరం ప్రాజెక్టులు చూపించమని అడిగి, వాటిలోని డేటాను ఎవరు, ఎక్కడ సేకరించారో విద్యార్థుల నోటనే చెప్పించుకోండి.