టెక్ సందేహాలు: కీబోర్డుకు స్పీకర్ కావాలా? వాట్లు పక్కన పెట్టండి

ప్రశ్న: చిన్న బ్యాండులో కీబోర్డు వాయిస్తాను. ఒక్కణ్నే మోసుకెళ్లేంత తేలికగా, ధర అందుబాటులో ఉండే పవర్డ్ స్పీకర్ (ఆంప్లిఫయర్ లోపలే ఉండేది) కోసం చూస్తున్నాను. ఒకదాని మీద 1000 వాట్లు, ఇంకోదాని మీద 2000 వాట్లు అని రాశారు. రెండోది తీసుకుంటే మంచిదా?

జవాబు: ఈ ప్రశ్న అంకెలు మార్చుకుని మళ్లీ మళ్లీ వస్తోంది. పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసే ఆ అంకె సాధారణంగా పీక్ పవర్. అంటే లోపలి ఆంప్లిఫయర్ రెప్పపాటు కాలం ఇవ్వగలిగే గరిష్ఠం. ఆగకుండా ఇవ్వగలిగేది అందులో సగం ఉండొచ్చు, పావు వంతే ఉండొచ్చు. పోనీ, రెండు కంపెనీలూ నిజమే రాశాయనుకుందాం. వాట్లు రెట్టింపైతే పెరిగే ధ్వని 3 డెసిబెల్స్. చెవికి ‘కాస్త పెరిగినట్టుంది’ అనిపిస్తుంది, అంతే. రెండింతలు గట్టిగా వినిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి. దానికి వాట్లు పదింతలు కావాలి. కాబట్టి 1000కీ 2000కీ మధ్య తేడా కోసం డబ్బు పోయనక్కర్లేదు.

చూడాల్సింది గరిష్ఠ ఎస్‌పీఎల్, అంటే ఆ స్పీకర్ ఎన్ని డెసిబెల్స్ దాకా వెళ్తుందో చెప్పే అంకె. మామూలుగా దాన్ని మీటరు దూరానికి లెక్కగట్టి ఇస్తారు. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతాయి. మీటరు దూరంలో 120 ఉంటే, 8 మీటర్ల దగ్గర మిగిలేది 102. డ్రమ్స్ ఉన్న బ్యాండులో ఇది మరీ ఎక్కువేం కాదు. ఈ అంకెను కూడా పీక్‌లోనే చూపించే కంపెనీలున్నాయి కాబట్టి, ఒకే పద్ధతిలో కొలిచిన వాటినే పక్కపక్కన పెట్టి చూడండి.

ఇక సైజు. స్పీకర్‌కు కీబోర్డును మించిన పరీక్ష లేదు. 88 కీల పియానోలో అన్నిటికన్నా కింది స్వరం 27.5 హెర్ట్జ్, పైది 4186 హెర్ట్జ్, ఆ పైన ఓవర్‌టోన్లు (ప్రతి స్వరంతో పాటు పలికే ఇంకా పై స్వరాలు). బేస్ గిటార్ కింది తీగ కూడా 41 దగ్గరే ఆగిపోతుంది. 8 అంగుళాల వూఫర్ (కింది స్వరాలు పలికే భాగం) ఉన్న చిన్న స్పీకర్లు 60 హెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికే నీరసపడతాయి. మీ బ్యాండులో బేస్ గిటార్ ఉంటే ఆ కింది భాగం మీ బాధ్యత కాదు, ఎడమ చేతిని అక్కడ తక్కువ వాడటమే మంచిది. అప్పుడు 10 అంగుళాలది చాలు, బరువు 10 నుంచి 13 కిలోల మధ్య దొరుకుతుంది. ఒంటరిగా వాయించేవాళ్లు, ఆర్గాన్, సింథ్ బేస్ ఎక్కువగా వాడేవాళ్లు 12 అంగుళాలది తీసుకోవాలి. అది 14 నుంచి 18 కిలోలు తూగుతుంది. మెట్లెక్కేటప్పుడు ఆ నాలుగైదు కిలోల తేడా బాగా తెలుస్తుంది.

తేలికగా ఉంటే నాసిరకం అనే భయం కొందరికి ఇంకా పోలేదు. పాత స్పీకర్లలో బరువంతా ట్రాన్స్‌ఫార్మర్‌ది, ఫెర్రైట్ అయస్కాంతానిది, ప్లైవుడ్ పెట్టెది. ఇప్పుడు క్లాస్-డి ఆంప్లిఫయర్, స్విచింగ్ పవర్ సప్లై, నియోడిమియం అయస్కాంతం, ప్లాస్టిక్ పెట్టె వచ్చాక బరువు సగానికి పడింది. ప్లాస్టిక్‌తో ఒక్కటే చిక్కు: పలచగా ఉంటే ఎడమ చేతి స్వరాలకు పెట్టె కూడా అదురుతుంది. షాపులో వాయిస్తూ పెట్టె పక్కల మీద అరచెయ్యి పెట్టి చూడండి.

అన్నిటికన్నా ఎక్కువమంది మోసపోయేది మధ్య స్వరాల దగ్గర. షాపువాళ్లు ఫోన్‌లోంచి ఒక పాట పెడతారు, బేస్ దద్దరిల్లుతుంది, మనం కొనేస్తాం. రికార్డయిన పాటలో హెచ్చుతగ్గులను ముందే నొక్కి సమం చేసి ఉంచుతారు. దాన్ని ఏ స్పీకరైనా బాగానే వినిపిస్తుంది. మీ కీబోర్డు నుంచి వచ్చే ధ్వని అలా ఉండదు. గట్టిగా కొట్టిన కార్డు (ఒకేసారి నొక్కిన కొన్ని స్వరాలు) ఒక్కసారిగా ఎగుస్తుంది, స్పీకర్‌లోని లిమిటర్ దాన్ని అణగదొక్కుతుంది, పియానో ముద్దముద్దగా వినిపిస్తుంది. పైగా చవక మోడళ్లలో వూఫర్ నుంచి హార్న్‌కు (పై స్వరాలు పలికే భాగానికి) ధ్వని మారే చోటు, అంటే సుమారు 2000 హెర్ట్జ్ చుట్టుపక్కల, చెవిలో గుచ్చుకునేలా ఉంటుంది. అందుకే సొంత కీబోర్డు తీసుకెళ్లండి. ఈక్యూను (బేస్, ట్రెబుల్ పెంచి తగ్గించేది) ఫ్లాట్‌లో, అంటే దేన్నీ పెంచకుండా, తగ్గించకుండా పెట్టండి. ‘డీజే’ ప్రీసెట్ జోలికి పోకండి, అది కిందా పైనా పెంచి మధ్యను మింగేస్తుంది. మిడిల్ సీ చుట్టూ నిండైన కార్డులు మెల్లగా, ఆ తర్వాత బలంగా కొట్టండి. నాలుగడుగులు పక్కకు జరిగి మళ్లీ వినండి. సొంత కీబోర్డు తేవద్దనే షాపులో కొనకండి.

గిటార్ ఆంప్ ఇంట్లో ఖాళీగా ఉంది, అది వాడొచ్చా అని అడిగినవారికి కూడా ఇక్కడే జవాబు: వద్దు. అందులో పై స్వరాలు పలికే ట్వీటర్ ఉండదు, సుమారు 5000 హెర్ట్జ్ పైన ఏమీ పలకదు.

ప్రశ్న: ట్యాబ్‌లోని పియానో యాప్‌ను బ్లూటూత్ స్పీకర్‌కు కలిపి వాయిస్తున్నాను. నొక్కిన కాసేపటికి ధ్వని వస్తోంది. ఏ సెట్టింగ్ మార్చాలి?

జవాబు: మార్చడానికి సెట్టింగ్ లేదు. మామూలు బ్లూటూత్ ఆడియోలో ధ్వనిని కుదించి, పంపి, విప్పేసరికి 100 నుంచి 200 మిల్లీసెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. 200 మిల్లీసెకన్ల ఆలస్యమంటే స్పీకర్‌కు 68 మీటర్ల దూరంలో నిలబడి వాయిస్తున్నట్టు లెక్క. కేబుల్ వాడండి.

అయితే, బ్లూటూత్ విషయంలో నన్ను కలవరపెట్టేది ఆలస్యం కాదు. వేదిక మీది స్పీకర్లలో బ్లూటూత్‌ను తెరిచి వదిలేస్తున్నారు. ‘విరామంలో ఫోన్‌లోంచి పాటలు వేసుకోవడానికి’ అని దాదాపు ప్రతి కొత్త మోడల్‌లోనూ అది ఉంటోంది. స్పీకర్‌కు తెర లేదు, అంకెల మీటలు లేవు. అందుకే అది ‘జస్ట్ వర్క్స్’ అనే పద్ధతిలో జత కడుతుంది. అవతల ఉన్నది మీ ఫోనా, మూడో వరసలో కూర్చున్న కుర్రాడి ఫోనా అని సరిచూసే ఏర్పాటు ఆ పద్ధతిలో లేదు. కొన్ని స్పీకర్లు ఆన్ చేసిన వెంటనే ఎవరు దొరికితే వాళ్లతో జత కట్టడానికి సిద్ధమైపోతాయి. మీరు మంద్రంగా వాయిస్తుండగా, ఎవరి ఫోన్‌కో వచ్చిన మెసేజ్ చప్పుడు ఫుల్ వాల్యూమ్‌లో హాలంతా మోగిందనుకోండి. పరువు సంగతి అటుంచండి, పక్కనే ఉన్న గాయని చెవుల మాటేమిటి?

ఇది ఆకతాయితనంతోనే ఆగకపోవచ్చు. 2017లో బయటపడ్డ ‘బ్లూబోర్న్’ లోపాలకు జత కట్టే పని కూడా లేదు, పరికరంలో బ్లూటూత్ ఆన్‌లో ఉంటే చాలు. 2019లో ‘నాబ్’ అనే దాడి పద్ధతి బ్లూటూత్ రహస్య కీని ఒక్క బైటుకు, అంటే తేలిగ్గా కనిపెట్టేయగలిగేంత చిన్నగా, కుదించవచ్చని చూపించింది. ఫోన్లకు, కంప్యూటర్లకు వీటి మీద అప్‌డేట్లు వచ్చాయి. మీ స్పీకర్‌కు చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ వచ్చింది? అసలు వచ్చే దారి ఉందా? అమ్మేశాక లోపలి సాఫ్ట్‌వేర్ ఊసెత్తని కంపెనీలే ఎక్కువ.

అందుకని కొనేముందు ఈ విషయాలు అడగండి. బ్లూటూత్‌ను ఆపే మీట స్పీకర్ మీదే ఉందా, లేక యాప్‌లో ఎక్కడో ఉందా? ఒకసారి ఆపితే, కరెంటు తీసి పెట్టాక కూడా ఆగే ఉంటుందా? కొత్త ఫోన్ జత కట్టాలంటే ఎవరైనా స్పీకర్ దగ్గరికి వెళ్లి మీట నొక్కాలా? వాల్యూమ్, ఈక్యూ మార్చే యాప్‌కు పిన్ పెట్టుకోవచ్చా? వీటికి సరైన జవాబు రాకపోతే, బ్లూటూత్ లేని మోడలే మేలు. అది చవక కూడా.

యాప్ మాట వచ్చింది కాబట్టి ఇంకో మాట. వెనక ప్యానెల్ మీద బేస్, ట్రెబుల్ తిప్పుకునే రెండు మీటలు ఉండేవి. ఇప్పుడు వాటిని తీసేసి యాప్‌లో పెడుతున్నారు. ఆ యాప్ ముందు అకౌంట్ తెరవమంటుంది, తర్వాత లొకేషన్ అడుగుతుంది. పాత ఆండ్రాయిడ్‌లో చుట్టూ ఉన్న బ్లూటూత్ పరికరాలను వెతకడానికి లొకేషన్ అనుమతి నిజంగానే అవసరమయ్యేది. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి దానికి వేరే అనుమతి ఉంది. ఇప్పటికీ లొకేషన్ ఇవ్వందే కదలనంటోందంటే అది బద్ధకమైనా కావాలి, మన సమాచారం మీద కన్నైనా కావాలి. కాంటాక్ట్స్ అడిగితే ఇక ఆలోచించకుండా తీసేయండి. స్పీకర్ పదిహేనేళ్లు పనిచేస్తుంది, యాప్‌ను నాలుగేళ్లకు వదిలేస్తారు. ఆ తర్వాత మీ ఈక్యూ ఎవరు మార్చాలి?

దీనికి తోడు కరెంటు ఆదా పేరుతో దానంతటదే నిద్రపోయే స్పీకర్లు ఒకటి. ఉపన్యాసం నడుస్తున్నంతసేపూ కీబోర్డు మౌనంగా ఉంటుంది, స్పీకర్ నిద్రలోకి జారుకుంటుంది. మీరు మొదలుపెట్టాక మొదటి రెండు స్వరాలు గల్లంతు. ఆటో స్టాండ్‌బైని ఆపే వీలు లేకుండా వేదిక స్పీకర్ తయారుచేసిన ఇంజినీరు ఒక్క కచేరీకీ వెళ్లి ఉండడు.

ప్రశ్న: కీబోర్డు హెడ్‌ఫోన్ జాక్ నుంచి స్పీకర్‌కు స్టీరియో కేబుల్ పెట్టాను. ట్రాక్ వేస్తే గొంతు మాయమవుతోంది, పియానో నూతిలోంచి వచ్చినట్టుంది. స్పీకర్ పాడైందా?

జవాబు: స్పీకర్ బాగానే ఉంది, కేబుల్ తప్పు. హెడ్‌ఫోన్ జాక్‌లో ఒక తీగ మీద ఎడమ, ఇంకో తీగ మీద కుడి ధ్వని వస్తాయి. స్పీకర్‌లోని బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ మాత్రం రెండు తీగల్లోనూ ఒకే ధ్వని, ఒకదానిలో మాత్రం తలకిందులుగా, వస్తుందనుకుని, ఒకదాని లోంచి మరొకటి తీసేస్తుంది. రెండు వైపులా సమానంగా ఉండేవి, అంటే గొంతు, బేస్, ఎగిరిపోతాయి. కీబోర్డులో ‘ఎల్/మోనో’ అని రాసిన లైన్ అవుట్ ఉంటే, అందులోంచి మామూలు మోనో కేబుల్ వేయండి. స్పీకర్ స్విచ్ ‘మైక్’ మీద కాకుండా ‘లైన్’ మీద ఉండాలి. అయినా పియానో బోలుగా ఉంటే, అది స్టీరియోలో రికార్డు చేసిన శాంపిల్‌ను ఒకటిగా కలపడం వల్ల వచ్చేది. చాలా కీబోర్డుల్లో మోనో పియానో టోన్ ఒకటి ఉంటుంది, అది వెతకండి.

ప్రశ్న: స్పీకర్‌లో ‘హుమ్మ్’ మని చప్పుడు. ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేస్తే పోతుందని తోటి కళాకారుడు చెప్పాడు. నిజమేనా?

జవాబు: చప్పుడు పోవచ్చు, మనిషి కూడా పోవచ్చు. లోపల ఎక్కడైనా లీకైన కరెంటు నేలలోకి వెళ్లడానికి ఉన్న దారి ఆ పిన్. దాన్ని తీసేస్తే, ఆ కరెంటు మైకు పట్టుకున్నవాళ్ల చేతిని వెతుక్కుంటుంది. కీబోర్డునీ స్పీకర్‌నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టి చూడండి. అప్పటికీ పోకపోతే, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ (కీబోర్డు సిగ్నల్‌ను మార్చి పంపే చిన్న పెట్టె) మధ్యలో పెట్టి, దాని మీదున్న గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కండి. ఆ స్విచ్ సిగ్నల్ కేబుల్‌లోని గ్రౌండ్‌నే విడదీస్తుంది, కరెంటు ఎర్త్‌ను ముట్టుకోదు.

ప్రశ్న: ఉన్న డబ్బుకు రెండు చిన్నవి కొనాలా, ఒక పెద్దదా?

జవాబు: బ్యాండులో అయితే ఒకటి, మంచిది. లింక్ అవుట్ (వచ్చిన సిగ్నల్‌ను బయటికి పంపే జాక్) ఉన్నది చూసుకుంటే అక్కడి నుంచే మెయిన్ మిక్సర్‌కు సిగ్నల్ ఇవ్వొచ్చు, రెండోది తర్వాత కలుపుకోవచ్చు. అడుగున 35 మి.మీ. స్టాండ్ రంధ్రం, పక్కకు వాల్చి మానిటర్‌లా (వాయించేవాళ్లకే వినిపించేలా) పెట్టుకునే కోత రెండూ ఉండాలి. నేల మీద నిటారుగా పెడితే హార్న్ మీ మోకాళ్లకే వినిపిస్తుంది.