ఆట మూసినా లాంచర్ "ఇంకా నడుస్తోంది" అంటుంటే

కంప్యూటర్ ఆట నుంచి బయటికొచ్చాక కూడా లాంచర్‌లో, అంటే ఆటను తెరిచే యాప్‌లో, "రన్నింగ్" అనే ఉంటోందని, ప్రతిసారీ విండోస్ రీస్టార్ట్ చేయాల్సొస్తోందని రాశారు. రీస్టార్ట్ అక్కర్లేదండీ. విండో మాత్రమే మూసుకుంది, ఆట ప్రాసెస్, అంటే అసలు ప్రోగ్రామ్, వెనకాల ఇంకా నడుస్తోంది.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో డీటెయిల్స్ ట్యాబ్‌కి వెళ్లి, ఆట పేరున్న ఫైలు మీద రైట్ క్లిక్ చేసి "ఎండ్ ప్రాసెస్ ట్రీ" ఎంచుకోండి. అక్కడ ఉత్త "ఎండ్ టాస్క్" నొక్కితే ఆట తెరిచిన చిన్నచిన్న ప్రాసెస్‌లు, క్రాష్ రిపోర్టు పంపేలాంటివి, మిగిలిపోవచ్చు. వాటిని చూసి కూడా లాంచర్ ఆట నడుస్తోందనుకుంటుంది. అయితే ముందు ఒకట్రెండు నిమిషాలు ఆగండి, ఆట ఇంకా సేవ్ అవుతూ ఉండొచ్చు. మధ్యలో ఆపేస్తే గంటల కష్టం పోతుంది, ఆ బాధ మీకొద్దు.

ఫుల్‌స్క్రీన్‌లో బిగుసుకుపోయి టాస్క్ మేనేజర్ కనబడకపోతే విండోస్ కీ, కంట్రోల్, డి కలిపి నొక్కండి. కొత్త డెస్క్‌టాప్ వస్తుంది, అక్కడ తెరవండి.

రోజూ ఇలాగే అవుతుంటే ఓవర్‌లే (ఆట మీద తేలుతూ కనబడే చాట్ లాంటి ప్యానెల్), స్క్రీన్ రికార్డర్, కీబోర్డ్ లైట్ల సాఫ్ట్‌వేర్ ఒక్కొక్కటే ఆపి చూడండి. నేనైతే మొదట ఓవర్‌లేనే అనుమానిస్తాను. అప్పటికీ తగ్గకపోతే ఆట ఫైళ్లను లాంచర్‌లోంచే వెరిఫై చేయించండి, అంటే ఏవైనా పాడయ్యాయేమో చూడమనండి. ఏది ఆపితే కుదిరిందో తప్పకుండా చెప్పండి.