స్టార్టప్ సందేహాలు: కొట్టు యజమాని కొడుకు ఒక్క రాత్రిలో చేసేశాడు!

ప్రశ్న: మేడమ్, మాది గుంటూరు. వయసు 27. ఉద్యోగం మానేసి, స్నేహితుడితో కలిసి మిర్చి యార్డు కమీషన్ వ్యాపారుల కోసం ఎనిమిది నెలలు కష్టపడి ఒక యాప్ చేశాను. గుమాస్తా తెలుగులో చెబితే చాలు, రైతుకిచ్చే పట్టీని (అమ్మకం లెక్క చీటీని) ఏఐ రాసేస్తుంది. 12 కొట్లవాళ్లు నెలకు 1,500 చొప్పున కట్టేవారు. కిందటి నెల ఒక కొట్టు యజమాని కొడుకు, బీటెక్ కుర్రాడు, ఒక్క రాత్రిలో ఇలాంటిదే చేసి చూపించాడు. ఆ కొట్టువాళ్లు మానేశారు. పెట్టుబడి కోసం వెళితే "రేపు పెద్ద కంపెనీ ఇదే ఇస్తే మీరేం చేస్తారు?" అన్నారు. పైగా మాది అప్పుడప్పుడు తప్పులు రాస్తోంది. ఓసారి 334 రకం మిరపకాయని 334 టిక్కీలని (బస్తాలని) రాసేసింది. అంతా వదిలేసి ఉద్యోగం చూసుకోమంటారా?

జవాబు: ఉత్తరం చివర సిగ్గుపడుతూ రాశారే, ఆ 334 టిక్కీల సంగతి, నేను అక్కడే ఆగిపోయాను. దానికొస్తాను. ముందు నా గోడు కాస్త వినండి.

2023లో హైదరాబాద్‌లో మేం ముగ్గురం ఆడిటర్ల కోసం ఒక సాధనం చేశాం. వందల పేజీల పీడీఎఫ్ ఎక్కించి ప్రశ్న అడిగితే జవాబు చెప్పేది. ఏడు నెలల పని. 40 మంది డబ్బు కట్టారు. ఏడాది చివర్లో, మేం ఎవరి ఏఐ మోడల్‌ని అద్దెకు వాడుతున్నామో వాళ్లే పీడీఎఫ్ ఎక్కించే బటన్ పెట్టేశారు. సంక్రాంతి నాటికి 40 మంది కాస్తా తొమ్మిదయ్యారు. కోపం వచ్చింది కానీ ఎవర్ని అంటాం? అద్దింటి గోడకు నాలుగు మేకులు కొట్టుకుని సొంతిల్లనుకున్నది మేమే. పెద్దవాళ్లకూ ఈ దెబ్బ తప్పలేదు. విద్యార్థులకు హోంవర్క్ సాయం అమ్మే అమెరికా కంపెనీ చెగ్, చాట్‌జీపీటీ వల్ల కొత్త చందాదారులు తగ్గుతున్నారని 2023 మేలో ఒప్పుకుంది. మర్నాడే షేరు దాదాపు సగానికి పడిపోయింది.

కాబట్టి మిమ్మల్ని అడిగిన ప్రశ్న న్యాయమైనదే. అయితే ఆ కుర్రాడిని చూసి భయపడకండి. రేపొకసారి ఆ కొట్టుకు వెళ్లి టీ తాగి, అతను చేసింది ఇంకా నడుస్తోందో లేదో చూసి రండి. ఒక్క రాత్రిలో చేసినదాన్ని మూడు నెలలు ఎవరు చూసుకుంటారు? సీజన్ మధ్యలో సెమిస్టర్ పరీక్షలొస్తే గుమాస్తా ఎవరికి ఫోన్ చేస్తాడు?

ఇక 334. మీకూ నాకూ అది మిర్చి రకం. మోడల్‌కి అదొక అంకె, అంతే. "పదిహేడున్నర" అంటే క్వింటాలు 17,500 అని యార్డులో చిన్నపిల్లాడికీ తెలుసు. మోడల్ 17.50 అని రాసినా ఆశ్చర్యం లేదు. వెనక హమాలీల కేకలు, లారీ హారన్లు సరేసరి. "తాలు" (నాసిరకం కాయ) అన్న మాటను మీ యాప్ ఎన్ని రకాలుగా రాసిందో ఒకసారి లెక్కపెట్టండి. ఇలాంటి తప్పులన్నీ ఒక నోటు పుస్తకంలో ఎక్కించారా? తేదీ, గుమాస్తా అన్నమాట, యాప్ రాసింది, అసలు ఉండాల్సింది. ఎనిమిది నెలల కష్టంలో ఆ కుర్రాడి దగ్గరా పెద్ద కంపెనీ దగ్గరా లేనిది ఈ పుస్తకమే. లేకపోతే ఈ రోజే మొదలుపెట్టండి. పట్టీ రైతు చేతికి వెళ్లేలోపు టిక్కీలనూ కాటా తూకాన్నీ సరిపోల్చి, తేడా వస్తే ఆపే మామూలు ప్రోగ్రాం ఒకటి రాయండి. దానికి ఏఐ అక్కర్లేదు.

ఎందుకింతగా చెబుతున్నానంటే, తప్పు పట్టీ మీద సంతకం చేసేది మోడల్ కాదు. ఎయిర్ కెనడా వెబ్‌సైట్‌లో చాట్‌బాట్ ఒక ప్రయాణికుడికి టికెట్ రాయితీ గురించి తప్పు చెప్పింది. బాట్ మాటలకు తమది బాధ్యత కాదన్నట్టు కంపెనీ వాదించింది. 2024 ఫిబ్రవరిలో అక్కడి ట్రిబ్యునల్ ఆ వాదన కొట్టేసి, ప్రయాణికుడికి డబ్బు ఇప్పించింది. యార్డులో ట్రిబ్యునల్ దాకా కూడా పోరు. రైతు కొట్టు ముందు కూర్చుంటాడు, యజమాని మీకు ఫోన్ చేస్తాడు. ఆ ఫోన్ ఎత్తి, పావుగంటలో సరిచేసి ఇస్తామని మాటివ్వగలిగితే 1,500 దానికే తీసుకోండి.

మాటల్లో మాట, రేటు మార్చండి. పాత సాఫ్ట్‌వేర్ ఒకసారి చేస్తే ఎంత వాడినా మనకు పెద్దగా పోయేది లేదు. ఇక్కడ గుమాస్తా నోరు విప్పిన ప్రతిసారీ మోడల్ అద్దెకిచ్చినవాళ్ల నుంచి మీకు డాలర్లలో బిల్లు పడుతుంది. సీజన్‌లో ఆ బిల్లు మీద పడుతుంది, వేసవి సెలవుల్లో కొట్లవాళ్లు డబ్బు ఆపేస్తారు. రెండు వైపులా మీకే దెబ్బ. పట్టీకి ఇంత అని అడగండి. కమీషన్ వ్యాపారికి ఆ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. రైతుల అడ్వాన్సులు, వడ్డీల ఖాతా మాత్రం జాగ్రత్త. అది ఎవరి సర్వర్‌కు పోతోందో యజమాని అడిగేలోపే మీరే చెప్పండి.

ఉద్యోగం గురించి. 11 కొట్లంటే నెలకు 16,500. ఇద్దరికి చాలదు. నా కంపెనీ నడిచినన్నాళ్లూ మా ఇల్లు మా ఆయన జీతంతో నడిచింది. స్టార్టప్ సభల్లో మైకు పట్టుకున్నవాళ్లెవరూ ఈ ముక్క చెప్పరు. మీ ఇద్దరిలో ఒకరు ఉద్యోగంలో చేరండి, ఒకరు యార్డులో ఉండండి. యార్డులో ఎవరుండాలంటే, కోడ్ బాగా రాసేవారు కాదు, గుమాస్తాలతో బాగా కబుర్లు చెప్పేవారు. పెట్టుబడిదారుల దగ్గరికి వచ్చే సీజన్ అయ్యాక వెళ్లవచ్చు.

ప్రశ్న: మేం ముగ్గురం ఇంజనీరింగ్ ఫైనలియర్. తెలుగుకు సొంత ఏఐ మోడల్ తయారుచేసే కంపెనీ పెట్టాలనుకుంటున్నాం. సలహా ఇవ్వండి. (కరీంనగర్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: వద్దమ్మా. తెలుగు వాక్యాన్ని మోడళ్లు ఇంగ్లిష్ కంటే ఎక్కువ ముక్కలు చేస్తాయి, ముక్కకింత చొప్పున డబ్బు తీసుకుంటాయి. ఆ ఖర్చు తగ్గిస్తామంటూ ఒకప్పుడు నా దగ్గరికీ ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. 2024 మేలో చాట్‌జీపీటీ వాళ్ల కొత్త మోడల్ జీపీటీ-4ఓ వచ్చింది. తెలుగు ముక్కలు మూడున్నర రెట్లు తగ్గాయని ఆ కంపెనీ ఓపెన్‌ఏఐ తన నమూనా వాక్యంతో చూపించింది. ఆ కుర్రాళ్లు మళ్లీ కనిపించలేదు. మీ ముగ్గురిలో ఎవరింట్లోనైనా మిల్లో, మందుల షాపో, చిట్టీల వ్యాపారమో ఉంటే, అక్కడ రోజూ ఏ కాగితం దగ్గర గొడవ జరుగుతుందో వారం రోజులు కూర్చుని చూసి, మళ్లీ రాయండి.