యీచాంగ్ చలిని డిగ్రీల్లో కొలవకండి

"మా తమ్ముడికి చైనాలోని యీచాంగ్‌లో మెడిసిన్ సీటొచ్చింది, అక్కడి వాతావరణం మనవాళ్లకు పడుతుందా?" అని ఒకరు నన్ను అడిగారు. నేను చదివిందీ ఆ ఊళ్లోనే.

జనవరిలో సగటున 5 డిగ్రీలు ఉంటుంది. "ఉత్తర చైనాలోని హార్బిన్‌లో మైనస్ 20, ఇక్కడ 5 కదా, టెన్షన్ ఎందుకు?" అంటారు కన్సల్టెన్సీ వాళ్లు. ఆ మాట అస్సలు నమ్మకండి. ఉత్తర చైనాలో చలికాలమంతా ఇళ్లకు వేడినీటి గొట్టాలు వేసి గదులు వెచ్చగా ఉంచుతారు. 1950ల నుంచీ ఆ ఏర్పాటు ఉత్తర, దక్షిణ చైనాలను విడదీసే చిన్‌లింగ్ కొండలు, హువాయ్ నది గీతకు ఉత్తరాన ఉన్నవాళ్లకే. యీచాంగ్ ఆ గీతకు దక్షిణాన ఉంది. అందుకే బయటెంత చలో గదిలోనూ అంతే చలి. పైగా పక్కనే యాంగ్‌ట్సీ నది. ఆ తేమకు ఉతికిన జీన్స్ రోజుల తరబడి ఆరదు. నేను చేతులకు గ్లౌజులు వేసుకునే నోట్సు రాసేవాణ్ణి. కరెంటు దుప్పటి మాత్రం అక్కడే కొనుక్కోమనండి.

ఒక జనవరి ఆదివారం రూమ్మేట్‌తో కలిసి జిగ్వే వెళ్లాను. అది యాంగ్‌ట్సీ మీద కట్టిన త్రీ గోర్జెస్ డ్యామ్‌కు ఎగువన ఉంటుంది, యీచాంగ్ కిందకే వస్తుంది. బయల్దేరేటప్పుడు ఊరంతా పొగమంచు, వేళ్లు కొంకర్లు పోతున్నాయి. బస్సు సొరంగాలు దాటి లోయలోకి దిగేసరికి ఎండ కాస్తోంది! నది ఒడ్డు నుంచి కొండ మీది దాకా మెట్లు మెట్లుగా నారింజ తోటలు. నడి చలికాలంలో చెట్ల నిండా కాయలు. తోటలో ఒక పెద్దావిడ కాయ కోసి, ఒలిచి మా చేతుల్లో పెట్టింది. ఇంత చలిలో ఇవెలా బతుకుతాయని వచ్చీరాని చైనీస్‌లో అడిగాను. ఆవిడ ఉత్తరం వైపు కొండలు చూపించి, గాలి ఇటు రాదంది. నిజమే. చిన్‌లింగ్, దాబా కొండలు ఉత్తరపు చలిగాలికి అడ్డం నిలబడతాయి, కింద ఉన్న నీళ్లు లోయను చల్లబడనివ్వవు. ఒకే జిల్లాలో ఇక్కడ వణుకు, అక్కడ కాపు. నన్నడిగితే, ఏ ఊరి వాతావరణమైనా తెలియాలంటే ముందు ఆ ఊరికి కొండ ఎటుందో, నీళ్లు ఎటున్నాయో చూడాలి.

మన యూట్యూబ్‌లో మాత్రం యీచాంగ్ అంటే ఆ డ్యామ్ ఒక్కటే, అదీ భూమి తిరగడాన్ని ఆపేస్తుందన్నట్టు! అందులో నిలిచే నీళ్ల వల్ల రోజు పొడవు పెరిగేది 0.06 మైక్రోసెకన్లేనని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు, మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షల వంతు. ఆ డ్యామ్ 22,500 మెగావాట్ల కరెంటు ఇస్తుంది. వరదల ముందు జలాశయాన్ని 145 మీటర్లకు దించి, శీతాకాలానికి మళ్లీ 175కు నింపుతారు. చెప్పుకోవాల్సిన విషయాలు ఇవి కదా? అక్కడి కొండల్లో ఉన్న ఫాస్ఫేట్ గురించి ఒక్కరూ మాట్లాడరు. చైనాలోని పెద్ద నిల్వల్లో అదొకటి. మన రైతులు చల్లే డీఏపీ ఎరువుకు మూలం ఫాస్ఫేటే, ఆ డీఏపీని మనం చైనా నుంచి కూడా కొంటాం. 2021 నుంచి వాళ్లు ఎగుమతులు బిగించాక మన దగ్గర ఎంత కటకట అయిందో ఊళ్లో వ్యవసాయం ఉన్నవాళ్లకు తెలుసు.

వేసవి కూడా తక్కువేం కాదు. జూన్, జూలైల్లో ముసురు, ఆ వెనకే ఉక్కపోత, కొన్ని రోజులు 38 దాటుతుంది. అందుకే హాస్టల్ గది ఒప్పుకునే ముందు ఏసీ వేడిగాలి కూడా ఇస్తుందో లేదో అడగమనండి. వీలుంటే దక్షిణం కిటికీ ఉన్న గది తీసుకోమనండి, బట్టలైనా ఆరతాయి.