రేసు కోసమా, రోడ్డు కోసమా? కారు ఓడ ఎక్కకముందే తేల్చుకోండి

పాఠకుల ప్రశ్నలు – మోటారు శీర్షిక

ప్రశ్న: మాది మెల్‌బోర్న్ దగ్గర టార్నీట్. జపాన్ వేలంలో 1999 నాటి మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ 6 చూశాను. లోపల రోల్‌కేజ్ (బోల్తా పడితే కాపాడే గొట్టాల చట్రం) వేశారు, వెనక సీటు లేదు. ఏజెంటు "రేసు కారుగా తెప్పిద్దాం, పని తేలిక. ఏడాది పోయాక రెజో (రోడ్డు రిజిస్ట్రేషన్) చేయించుకోవచ్చు" అంటున్నాడు. నమ్మవచ్చా?

జవాబు: నమ్మకండి. తర్వాత వదిలించుకోలేని చిక్కు ఆ మాటలోనే ఉంది.

ఆస్ట్రేలియాలో 2021 జూలై 1 నుంచి 2018 నాటి రోడ్ వెహికల్ స్టాండర్డ్స్ చట్టం నడుస్తోంది. బయటి నుంచి వచ్చి రోడ్డెక్కాల్సిన కారు ముందు ఆర్‌ఏవీ అనే జాతీయ చిట్టాలోకి ఎక్కాలి. రేసు పేరుతో అనుమతి తీసుకున్న కారు ఆ చిట్టాలోకి వెళ్లదు. చిట్టాలో లేని కారుకు మామూలు రెజో రాదు. ర్యాలీలో ఒక స్టేజీ (పోటీ జరిగే రోడ్డు ముక్క) నుంచి ఇంకో స్టేజీకి వెళ్లడానికి రాష్ట్రాలు ఇచ్చే పరిమిత అనుమతి వేరు. దానితో ఆదివారం కూరగాయలకు కూడా వెళ్లలేరు.

అదే కారును రోడ్డు దారిలో తెప్పిస్తే రేసుకు వాడుకోకుండా ఎవరూ ఆపరు. రోడ్డు నుంచి ట్రాక్‌కు దారి ఉంది, ట్రాక్ నుంచి రోడ్డుకు దాదాపు లేదు. అందుకే రెండు దారులూ తెరిచి ఉన్నవారికి మా సలహా ఎప్పుడూ ఒకటే: కారు జీవితమంతా ట్రాక్ మీదే గడిచేదైనా సరే, రోడ్డు దారిలోనే తెప్పించండి.

మీకు ఆ దారి తెరిచే ఉంది. తయారై 25 ఏళ్లు నిండిన కారును పాత వాహనం కింద తెచ్చుకోవచ్చు. 25 ఏళ్లు నిండకపోతే ఆ మోడల్ ప్రత్యేక వాహనాల జాబితాలో ఉండాలి, గుర్తింపు ఉన్న వర్క్‌షాపు దాన్ని ఇక్కడి ప్రమాణాలకు మార్చాలి. ఖర్చు చాలా పెరుగుతుంది. 1999 కారుకు ఆ బాధ లేదు. కానీ వయసును కాగితంతో రుజువు చేయాలి. జపాన్ ఎగుమతి పత్రంలో ఉండేది మొదటి రిజిస్ట్రేషన్ తేదీ, తయారీ తేదీ కాదు. ఆ తేదీకే 25 ఏళ్లు నిండితే గొడవే లేదు. రెండు మూడు నెలలు తక్కువైతే ఛాసిస్ నంబరును బట్టి తయారీ నెల చూపించే ఆధారం వెతకాలి. ట్రాక్‌కే పరిమితమైన కార్లు కొన్నిటిని జపాన్‌లో కాగితాలు లేకుండానే అమ్ముతారు. ధర నోరూరిస్తుంది, కానీ అలాంటి దాని జోలికి పోవద్దు. ప్రమాదం తర్వాత ర్యాలీ జట్టు బాడీ షెల్ మార్చిందేమో కూడా అడగండి. షెల్ మారితే కారు వయసే ప్రశ్నార్థకమవుతుంది.

కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు రోవర్ పోర్టల్‌లో దిగుమతి అనుమతికి దరఖాస్తు మీ పేరుతోనే పెట్టండి. అనుమతి చేతికొచ్చాకే ఓడ బుక్ చేయండి. అనుమతి లేకుండా దిగిన కారు రేవులోనే ఆగుతుంది, గోదాము అద్దె రోజురోజుకూ పెరుగుతుంది. చివరికి వెనక్కి పంపాలి, లేదంటే తుక్కు చేయాలి.

ఇక రోల్‌కేజ్. అనుమతి కేంద్రానిది, రెజో రాష్ట్రానిది. విక్టోరియాలో ఇంత పెద్ద మార్పుకు వాస్ ఇంజనీరు (మార్పులు చేసిన వాహనాలను పరీక్షించి ఆమోదించే గుర్తింపు ఉన్న ఇంజనీరు) సంతకం కావాలి. ట్రాక్‌లో ప్రాణం కాపాడే కేజ్ రోడ్డు మీద ప్రాణం తీయగలదు. హెల్మెట్ లేని తల గొట్టానికి తగిలితే పుర్రె నిలవదు. తలుపుకు అడ్డంగా గొట్టం ఉంటే ప్రమాదంలో బయటికి రావడమూ కష్టమే. కాబట్టి డబ్బు కట్టేముందు కేజ్ పాదాల ఫొటోలు దగ్గరగా తీయించి తెప్పించుకోండి. బోల్టులతో బిగించినదైతే విప్పి, వెనక సీటూ బెల్టులూ తిరిగి పెట్టి రోడ్‌వర్తీకి (కారు రోడ్డుకు పనికొస్తుందని తేల్చే తనిఖీకి) వెళ్లవచ్చు. కారు పైకప్పును మోసే పిల్లర్లకు వెల్డింగ్ చేసినదైతే కోయడంలో పిల్లర్లే దెబ్బతింటాయి. అలాంటి కారును మీ అవసరానికి కొనమని మేము చెప్పం.

రోజూ నడపక్కర్లేదనుకుంటే విక్టోరియాలో క్లబ్ పర్మిట్ ఉంది. 25 ఏళ్లు దాటిన కారుకు, గుర్తింపు పొందిన క్లబ్ సభ్యులకు, ఏడాదికి 45 లేదా 90 రోజులు ఇస్తారు. నడిపిన ప్రతి రోజూ లాగ్‌బుక్‌లో రాయాలి. మార్పులు ఎక్కువుంటే అక్కడా ఇంజనీరు సంతకం తప్పదు.

పన్ను ఇలా లెక్కేసుకోండి. కారు ధర 30,000 డాలర్లు, ఓడ కిరాయి, బీమా కలిపి 2,500 అనుకుందాం. సుంకం ధర మీద 5 శాతం, అంటే 1,500. దాన్ని కలిపిన 34,000 మీద 10 శాతం జీఎస్టీ, అంటే 3,400. జపాన్‌లో తయారైనట్టు పత్రం ఉంటే వాణిజ్య ఒప్పందం వల్ల సుంకం పోతుంది, జీఎస్టీ కూడా 3,250కి తగ్గుతుంది. ఆ పత్రాన్ని అమ్మేవాడి నుంచి ముందే అడిగి తీసుకోండి.

ప్రశ్న: ఇటలీ నుంచి పాత ర్యాలీ కారు తెప్పిస్తున్నాను, నవంబరులో సిడ్నీ చేరుతుంది. రేసుకే కాబట్టి తనిఖీలు తక్కువే కదా?

జవాబు: రేవులో రేసు కారుకు ఏ మినహాయింపూ లేదు. ముందు ఆస్బెస్టాస్ చూడండి. 2003 డిసెంబరు 31 నుంచి ఇక్కడ దానిపై పూర్తి నిషేధం. ర్యాలీ కార్లలో ముందు బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేటు ఎన్నోసార్లు మారి ఉంటాయి. ఎవరూ ముట్టుకోనివి హ్యాండ్‌బ్రేక్ షూలు, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గాస్కెట్, ఫైర్‌వాల్ (ఇంజనుకూ లోపలి సీట్లకూ మధ్య గోడ) వెనక వేడి ఆపే పొర. దొరికిపోయేది సాధారణంగా అక్కడే. "ఆస్బెస్టాస్ లేదు" అని అమ్మేవాడు రాసిచ్చే ఉత్తరం చాలదు. ఇటలీలోనే ఆ భాగాలు మార్పించి, బిల్లులు, పని జరుగుతుండగా తీసిన ఫొటోలు దాచండి. మార్చని భాగాల నమూనాలకు గుర్తింపు పొందిన ల్యాబు రిపోర్టు తీసుకోండి.

రెండోది కంపు పురుగు, అంటే సరుకుల్లో దాక్కుని వచ్చి పంటలు పాడుచేసే స్టింక్ బగ్. ఇటలీ ప్రమాద దేశాల జాబితాలో ఉంది. సెప్టెంబరు 1 నుంచి ఏప్రిల్ 30 మధ్య అక్కడి నుంచి బయల్దేరే వాహనాలకు వేడితో గాని, పొగ పెట్టి గాని శుద్ధి తప్పనిసరి. కంటెయినర్‌లో వస్తే ఇక్కడికి చేరాకైనా చేయించవచ్చు. కార్లు నేరుగా ఎక్కించే రోరో ఓడలో వస్తే ముందే చేసి ఉండాలి, లేకపోతే వెనక్కే.

మట్టి సంగతి ర్యాలీ కారుకు మరీ ముఖ్యం. సంప్ గార్డు (ఇంజను కింది రక్షణ రేకు) విప్పి దాని పైభాగం కడిగించండి. మడ్‌ఫ్లాపుల వెనక, రేడియేటర్ రెక్కల మధ్య, స్పేర్ టైరు గుంటలో విత్తనాలు ఇరుక్కుంటాయి. ఏసీ ఉంటే గ్యాస్ తీయించి పంపండి.

సీటు మీది స్టిక్కరు కూడా చదవండి. అంతర్జాతీయ మోటారు క్రీడల సమాఖ్య ఎఫ్‌ఐఏ ప్రమాణం 8855-1999 ఉన్న సీటుకు తయారైనప్పటి నుంచి 5 ఏళ్లే గడువు. అదే సమాఖ్య ఎఫ్‌టీ3 ప్రమాణం ఉన్న ఇంధన సంచికీ అంతే. గడువు తీరినవి ఉంటే ఆ ఖర్చు కారు ధరలో తగ్గించమని బేరమాడండి.

ప్రశ్న: బ్రిస్బేన్‌లో నేను రేసుల్లో పరుగు పెట్టిస్తున్న 2004 సుబారు ఇంప్రెజా కారును హైదరాబాద్ తీసుకెళ్లి రిజిస్టర్ చేయించవచ్చా?

జవాబు: కుదరదు. భారత్‌లోకి తెచ్చే వాడిన కారు తయారై 3 ఏళ్లు దాటకూడదు. మీ స్టీరింగు కుడివైపే ఉన్నా వయసు దగ్గరే ఆగిపోతుంది. అక్కడ పోటీలో దిగాలని ఉంటే చెన్నైలో ఉన్న మోటారు క్రీడల సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ నుంచి లైసెన్సు తీసుకుని, అక్కడి జట్టు కారునే అద్దెకు నడపండి.