ఎకరం అమ్మి అమెరికాలో ఎమ్మెస్? ముందు ఆ సీటుకు డబ్బు ఎవరు పెడుతున్నారో చూడండి

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. ఐదెకరాలుంది. మూడెకరాలు పత్తి, రెండెకరాలు మిర్చి వేస్తాం. బ్యాంకులో 9 లక్షల ఎఫ్‌డీ, ఇంట్లో 18 తులాల బంగారం ఉన్నాయి. మా బిడ్డ వరంగల్ వ్యవసాయ కళాశాలలో బీఎస్సీ అగ్రికల్చర్ పూర్తి చేసింది. సాయిల్ సైన్స్ (మట్టి శాస్త్రం)లోనే పైచదువు చదువుతానంటోంది. హనుమకొండలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు అమెరికాలో ఎమ్మెస్‌కు రెండేళ్లకు 40 లక్షలు అవుతుందని చెప్పి, ఫైలు కోసం 25 వేలు కట్టించుకున్నారు. 10 లక్షలు మేం పెట్టుకోవాలి, 30 లక్షలు లోను వస్తుందట. రోడ్డు పక్కన ఎకరానికి బేరం వచ్చింది, బయానా ఇస్తామంటున్నారు. అమ్మేయాలా? కొడుకు ఇంటర్ రెండో సంవత్సరం. మేం బీసీలం. కట్టిన 25 వేలు తిరిగి వస్తాయా?

జవాబు: బయానా మాత్రం ఇప్పుడే తీసుకోకండి. మీ ఉత్తరంలో చదువు ఖర్చుంది, భూమి బేరముంది. ఒక్క ముక్క మాత్రం లేదు. ఆ ఎమ్మెస్‌లో థీసిస్ (సొంతంగా పరిశోధన చేసి రాసేది) ఉందా? ఉంటే గైడ్ ఎవరు, ఆయన మీ అమ్మాయికి అసిస్టెంట్‌షిప్ ఇస్తానన్నారా?

కంప్యూటర్స్‌లో ఎమ్మెస్‌కు వెళ్లే పిల్లలు ఎక్కువమంది సొంతంగా ఫీజు కట్టుకునే వెళ్తారు. మన దగ్గరి కన్సల్టెన్సీలకు అలవాటైన లెక్క అదే. సాయిల్ సైన్స్, ఆగ్రానమీ (పంటల సాగు శాస్త్రం), ప్లాంట్ బ్రీడింగ్‌లలో పద్ధతి వేరు. ప్రొఫెసర్ దగ్గర ఒక ప్రాజెక్టు ఉంటుంది, దానికి గ్రాంటు (పరిశోధనకు వచ్చే నిధులు) ఉంటుంది. చేలల్లో మట్టి నమూనాలు తీయడానికి, ల్యాబ్‌లో పరీక్షలు చేయడానికి ఆయనకు మనుషులు కావాలి. విద్యార్థులనే అలా తీసుకుంటారు. మామూలుగా వారానికి 20 గంటల పని. బదులుగా ట్యూషన్ ఫీజు పూర్తిగానో చాలావరకో మాఫీ అవుతుంది, నెలనెలా స్టైపెండ్ వస్తుంది. అసిస్టెంట్‌షిప్ అంటే ఇదే. కాన్సస్ స్టేట్, ఓక్లహామా స్టేట్, నెబ్రాస్కా, టెక్సస్ ఏ అండ్ ఎం వంటి వ్యవసాయానికి పేరున్న యూనివర్సిటీల్లో ఈ దారి చాలా మామూలు. అందుకే సాయిల్ సైన్స్ ఎమ్మెస్‌కు 40 లక్షలు అన్నారంటే నాకు అనుమానం వస్తుంది. అది థీసిస్ లేని కోర్సయినా అయి ఉండాలి, లేదా ఎవరూ ప్రొఫెసర్‌కు ఒక్క ఈమెయిల్ కూడా రాసి ఉండరు.

ఆ ఈమెయిల్ మీ అమ్మాయే రాయాలి, కన్సల్టెన్సీ కాదు. చాలా యూనివర్సిటీల్లో చదువు ఆగస్టులో మొదలవుతుంది, దరఖాస్తుల గడువు అంతకుముందు డిసెంబరు, జనవరిల్లోనే అయిపోతుంది. కాబట్టి ప్రొఫెసర్లకు అంతకంటే మూడు నాలుగు నెలల ముందే రాయడం మొదలుపెట్టాలి. నల్లరేగడిలో పత్తి, చల్కా నేలలో మిర్చి చూస్తూ పెరిగిన పిల్ల, ఆ ప్రొఫెసర్ పరిశోధన చదివి దాని మీద రెండు మంచి ప్రశ్నలు అడిగితే జవాబు వచ్చే అవకాశం ఉంటుంది. వంద మందికి ఒకే ఉత్తరం పంపితే మాత్రం రాదు. సీటు వచ్చాక యూనివర్సిటీ ఐ-20 అనే పత్రం పంపుతుంది. ఏడాది ఖర్చెంత, అందులో యూనివర్సిటీ ఇచ్చేదెంత, ఇంటి నుంచి పెట్టాల్సిందెంత అని అందులో విడివిడిగా ఉంటుంది. ఆఫర్ లెటర్ చూసి మురిసిపోకుండా ఆ కాగితం చదవండి. మొత్తం భారం ఇంటి మీదే ఉంటే ఈ ఏడు వెళ్లొద్దు.

ఎందుకంత గట్టిగా చెబుతున్నానో లెక్క చూడండి. 30 లక్షల లోను, 10.5 శాతం వడ్డీ అనుకుందాం. చదువుకునే రెండేళ్లు, తర్వాత ఒక ఏడాది వాయిదాలు ఉండవు గానీ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. బారువడ్డీ వేసినా మూడేళ్లకు 9.45 లక్షలు. అంటే కట్టడం మొదలుపెట్టేనాటికి అప్పు దాదాపు 39.5 లక్షలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 53 వేలు. అక్కడ ఉద్యోగం వస్తే పెద్ద భారం అనిపించదు. ఏ కారణం వల్లనైనా తిరిగి రావాల్సి వస్తే, ఇక్కడ కొత్తగా చేరిన ఉద్యోగి జీతంతో ఆ వాయిదా కట్టడం అయ్యే పని కాదు. అప్పుడు మిగతా నాలుగెకరాల మీద కన్ను పడుతుంది.

ఇంకోటి కూడా తెలుసుకోండి. ఏడున్నర లక్షలు దాటిన చదువు లోనుకు ప్రభుత్వ బ్యాంకులు మామూలుగా తాకట్టు అడుగుతాయి. బాకీ వసూలు చేసుకునే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు కాబట్టి, పట్టాదారు పాస్‌బుక్ చూపిస్తే బ్యాంకులు వెనకాడతాయి. ఇల్లో, ప్లాటో, ఎఫ్‌డీయో అడుగుతాయి. అవి లేకపోతే కన్సల్టెన్సీ మిమ్మల్ని ఎక్కువ వడ్డీ ఉండే ప్రైవేటు ఫైనాన్స్ సంస్థ దగ్గరికి తీసుకెళ్తుంది. ఇక చదువు లోను వడ్డీకి ఆదాయపు పన్ను మినహాయింపు వస్తుందని చెబుతారు. మీది వ్యవసాయ ఆదాయం, దాని మీద పన్నే లేదు. ఆ మినహాయింపుతో మీకు ఒరిగేదేమీ లేదు. రేపు మీ అమ్మాయికి ఇక్కడ ఉద్యోగం వచ్చినా, పాత పన్ను విధానంలో ఉంటేనే పనికొస్తుంది.

బీసీలమన్నారు కాబట్టి మహాత్మా జ్యోతిబా ఫూలే విదేశీ విద్యానిధికి తప్పకుండా దరఖాస్తు చేయించండి. కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపుంటే 20 లక్షల దాకా సాయం ఉంటుంది, వ్యవసాయ చదువులూ అందులోకి వస్తాయి. కానీ ఆ డబ్బు వచ్చేది అక్కడికి వెళ్లి చేరాక. ఎంపికైనా సరే, ఖాతాలో పడేదాకా లెక్కలో వేయకండి.

ఇప్పుడు ఇక్కడి దారి. దీన్ని మీరు పట్టించుకోలేదనిపిస్తోంది. ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) పీజీ ప్రవేశ పరీక్షలో పైర్యాంకు వస్తే ఎమ్మెస్సీకి నెలకు 12,640 రూపాయల స్కాలర్‌షిప్ ఉంటుంది. రెండేళ్లకు మూడు లక్షలు దాటుతుంది. అంత ర్యాంకు రాకపోయినా, ఆ పరీక్ష ద్వారా వేరే రాష్ట్రంలో సీటు తెచ్చుకుంటే నెలకు 5,000 ఇచ్చే నేషనల్ టాలెంట్ స్కాలర్‌షిప్ ఉంది. స్కాలర్‌షిప్ లేదనుకున్నా, ప్రభుత్వ వ్యవసాయ యూనివర్సిటీలో ఫీజు, హాస్టలు, మెస్సు, రాకపోకలు కలిపి రెండేళ్లకు 4 లక్షల లోపే తేలుతుందని నా అంచనా. మీ ఎఫ్‌డీతో అయిపోయే పని, లోను కూడా అక్కర్లేదు. రాజేంద్రనగర్‌లో జయశంకర్ వ్యవసాయ యూనివర్సిటీ, ఢిల్లీలో పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ ఉండగా, 40 లక్షలు పెట్టి చదివితేనే మట్టి అర్థమవుతుందంటే నేను ఒప్పుకోను. ఎమ్మెస్సీ ఇక్కడ చేసి పీహెచ్‌డీకి బయటికి వెళ్తే ఫండింగ్ దొరకడం ఇంకా తేలిక. అమెరికాలో ఈ రంగంలో పీహెచ్‌డీని సొంత డబ్బుతో చేసేవాళ్లు అరుదు.

ఒక విషయం మాత్రం అమ్మాయితో కూర్చుని మాట్లాడండి. ఆమెకు కావాల్సింది పరిశోధనా, ఉద్యోగమా? మండల వ్యవసాయాధికారి పోస్టుకైనా, బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ పోస్టుకైనా బీఎస్సీ చాలు. వాటికోసమైతే ఎమ్మెస్ దండగ, ఏడాది కోచింగే నయం. కృషి విజ్ఞాన కేంద్రంలో సబ్జెక్ట్ మ్యాటర్ స్పెషలిస్టు కావాలన్నా, యూనివర్సిటీలో పాఠం చెప్పాలన్నా పీజీ కావాలి. ఈ ఏడు ఏదీ కుదరకపోతే పటాన్‌చెరు ఇక్రిశాట్‌లోనో, హైదరాబాద్ సంతోష్‌నగర్‌లోని క్రిడా (మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ)లోనో, వరంగల్ పరిశోధన స్థానంలోనో ఏదైనా ప్రాజెక్టులో తాత్కాలిక పోస్టు పడుతుందేమో చూడమనండి. చేత్తో మట్టి పరీక్షలు చేసిన అనుభవం ప్రొఫెసర్‌కు రాసే ఉత్తరంలో మార్కుల కంటే బాగా పనిచేస్తుంది.

మీ 9 లక్షల సంగతి. అందులో మూడు లక్షలు పక్కన పెట్టి మర్చిపోండి. రెండెకరాల మిర్చికి పెట్టుబడి ఎంతవుతుందో, ఎనుమాముల యార్డులో ధర ఏ ఏడు ఎలా తిరగబడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఎఫ్‌డీ మొత్తం చదువుకు పెట్టి, విత్తనాలకూ మందులకూ అడ్తి దుకాణంలో రెండు రూపాయల వడ్డీకి తెస్తే అది ఏడాదికి 24 శాతం. బ్యాంకు పంట రుణం 3 లక్షల వరకు 7 శాతానికే వస్తుంది, గడువులో కడితే 4 శాతమే పడుతుంది. అది రెన్యువల్ తప్పకుండా చూసుకోండి. అమ్మాయి ఎమ్మెస్సీకి 4 లక్షలు, మిగిలిన 2 లక్షలు కొడుకు మొదటి ఏడాది ఫీజుకు. బంగారం జోలికి వెళ్లకండి.

భూమి విషయంలో చివరి మాట. రేపు అసిస్టెంట్‌షిప్ లెటర్ చేతికి వచ్చి, టికెట్టుకు, వీసాకు, మొదటి రెండు నెలల ఖర్చుకు నాలుగైదు లక్షలు కావాలంటే ఎఫ్‌డీలోంచి ఇవ్వండి. దానికీ ఎకరం అమ్మాల్సిన పని లేదు.

కన్సల్టెన్సీకి కట్టిన 25 వేలు తిరిగి రావడం కష్టమే. రసీదుంటే రాతపూర్వకంగా ఒకసారి అడగండి. ‘ఫైలు ఆగిపోతుంది, ఇంకో 40 వేలు కట్టండి’ అంటే మాత్రం కట్టకండి. అమ్మాయి సర్టిఫికెట్ల ఒరిజినళ్లు వాళ్ల దగ్గరుంటే ఈ వారమే తెచ్చుకోండి.