ఇండికేటర్ వేసినా వెనకవాళ్లు హారన్ ఎందుకు కొడతారు?

మలుపు దగ్గర ఇండికేటర్ వేస్తున్నా వెనకనుంచి హారన్లు ఆగడం లేదని అడిగారు. బహుశా మీరు బండి తిప్పుతూ వేస్తున్నారు. తిప్పక ముందే వేయాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు వస్తుంది; వెనకాయన మీ లైటు చూసి బ్రేకు మీద కాలు పెట్టేలోపే ఆ దూరం అయిపోతుంది. అందుకే మొదట అద్దంలో చూడండి, ఇండికేటర్ వేయండి, నాలుగైదు సెకన్ల తర్వాత భుజం మీదుగా ఒకసారి చూసి అప్పుడు తిరగండి. లైటు వేసినంత మాత్రాన దారి మనదైపోదు.

కారులో స్టీరింగ్ నేరుగా రాగానే ఇండికేటర్ దానంతటదే ఆగుతుంది, చాలా బైకుల్లో ఆగదు. నాకు ఎక్కువ భయం దీనితోనే. ఎడమ లైటు కొట్టుకుంటూ నేరుగా పోతున్న స్కూటీని చూసి, ఎడమ సందులోంచి వచ్చేవాడు అది ఇటే తిరుగుతుందనుకుని రోడ్డెక్కేస్తాడు. తిరగ్గానే బొటనవేలితో స్విచ్ నొక్కి ఆపేయండి.

కూడలిలో నేరుగా వెళ్లడానికి నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వేయకండి. పక్కనుంచి చూసేవాడికి ఒకవైపు లైటే కనబడుతుంది, మీరు అటు తిరుగుతున్నారనుకుంటాడు.